ఉత్త పైపుల సౌహార్దం

మా నలుగురికీ ఒకరంటే ఒకరికి ఇష్టమన్న సంగతి ప్రభుత్వానికి తెలిసిన రోజునుంచే మా కష్టాలు మొదలయ్యాయి. అంతకుముందు ముప్పై ఏళ్ళపాటు ఆ విషయం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టలేదు. వాళ్ళు తిట్టేవాళ్ళు, మేం పడేవాళ్ళం, అంతటితో సరిపోయేది.

మా ఊళ్ళో పొగాకు వేలం కేంద్రం ఉంది. దాని వెనక పాత తూకం షెడ్డు. కొత్త కాటాలు వచ్చాక ఆ షెడ్డు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది, మాకు తప్ప. సాయంత్రం అయిదింటికి అక్కడ చేరి, పైపులు వెలిగించి, ఏడింటికి లేచేవాళ్ళం. నా పేరు చెంచయ్య. ఆకును వేళ్ళతో నలిపి అది ఏ రకమో చెప్పడం నా ఉద్యోగం, రిటైరై పన్నెండేళ్ళయింది. మస్తాన్ వలి వేలంపాట పాడేవాడు. గుక్క తిప్పుకోకుండా వంద బేళ్ళు పాడగలిగిన గొంతు ఆయనది. పరబ్రహ్మంగారు గూడ్సుబండి గార్డు. జోజి మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు నేర్పేవారు; మా ఊళ్ళో వంకర లేకుండా మామిడిపిందె గీయగలిగిన వాళ్ళందరూ ఆయన శిష్యులే.

పైపులు మాకెక్కడివంటే, బెల్జియం నుంచి ఏటా ఆకు కొనడానికి ఒక బయ్యరు వచ్చేవాడు. మా ఆకును మెచ్చుకుని, మేం చుట్టలు కాల్చే తీరు చూసి జాలిపడి, వచ్చినప్పుడల్లా ఒక పైపు తెచ్చి ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాడు. నాలుగో పైపు తెచ్చిన ఏడాది తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. మా సంఘం నలుగురితో ఆగిపోవడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

పైపులు ఒకలాంటివే గాని అందులో కూరేది ఎవరిది వారిదే. నేను పసుపుపచ్చని వర్జీనియా ఆకు సన్నగా తరిగి, బెల్లం నీళ్ళు చిలకరించి, గుడ్డలో కట్టి పదిరోజులు కుండలో మగ్గబెడతాను. మస్తాను అదే ఆకులో లవంగాలు దంచి కలుపుతాడు. జోజి మాస్టారు ఎండిన బత్తాయితొక్క పొడి వేస్తారు. పరబ్రహ్మంగారిది గోదావరి లంకల నల్లాకు. అందులో ఏమీ కలపరు, ఎవరి మాటా వినరు. ఆయన పైపు అంటుకుంటే ఎక్కడో కొబ్బరితాడు కాలుతున్నట్టుంటుంది.

“గార్డుగారూ, బండి ఇరుసు కాలతా ఉన్నట్టుంది, ఎర్రజెండా ఊపరా?” అని మస్తాను రోజూ అడిగేవాడు.

“నువ్వు బిర్యానీ కాల్చుకుంటా నన్నంటావేందయ్యా,” అని పరబ్రహ్మంగారు రోజూ అనేవారు. ముప్పై ఏళ్ళుగా ఈ రెండు మాటలే. మాకు నవ్వు తగ్గలేదు.

పొగ తాగడం మంచిది కాదని మాకు తెలుసు. పెట్టెలమీద బొమ్మలు వేయకముందే మా ఊపిరితిత్తులు మాకు చెప్పాయి. దాన్ని సమర్థించడానికి ఈ కథ రాయడం లేదు. దానికంటే హాస్యాస్పదమైన అలవాటు ఇంకొకటి ఉందని చెప్పడానికి రాస్తున్నాను. అది చేతిలో ఫైలున్న వాళ్ళకు వస్తుంది.

ఆరేళ్ళ కిందట మస్తానుకు నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయింది. ఆయన ఇంటినుంచి తూకం షెడ్డుకు గోడ పట్టుకుని నడిస్తే ఎనభై నాలుగు అడుగులు. ఆ ఎనభై నాలుగూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చేవాడు. ఇంట్లో మనవడికి ఉబ్బసం, అక్కడ పొగ కుదరదు, కుదరకూడదు కూడా. అందుకని షెడ్డే ఆయనకు లోకం. చూపు పోయిన కొత్తలో ఎవరూ అనుకోకుండానే మాకొక అలవాటు కుదిరింది. వచ్చినవాడు ‘నేను ఫలానా’ అని చెప్పడు. ముందు పైపు వెలిగిస్తాడు. బత్తాయి వాసన తగలగానే మస్తాను, “రండి మాస్టారూ,” అంటాడు. బెల్లం వాసనకు, “కూకో చెంచయ్యా,” అంటాడు. గార్డుగారు సందు మలుపులో ఉండగానే పలకరించేవాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నోట ‘ఎవరూ?’ అన్న మాట రాలేదు. అది రానివ్వకపోవడం కోసమే మేం బతికి ఉన్నామని నాకు అప్పుడప్పుడూ అనిపించేది.

ఇలా ఉండగా రాష్ట్ర సౌహార్దాభివృద్ధి సంస్థ ఏర్పడింది. జనంలో స్నేహం తగ్గిపోయిందనీ, దాన్ని ప్రణాళికాబద్ధంగా ఉత్పత్తి చేయాలనీ ఎవరికో తట్టింది. ఇంటింటికీ సర్వే పెట్టారు. అందులో పదిహేడో ప్రశ్న ఇది: ‘గత ముప్పై రోజులలో మీరు ఏ పనీ లేకుండా ఎవరితోనైనా ఎన్ని రోజులు కూర్చున్నారు?’ రాష్ట్రం మొత్తంమీద జనం సున్నా అనో ఒకటి అనో చెప్పారట. మేం నలుగురం ముప్పై అని చెప్పాం. కంప్యూటరు దాన్ని తప్పుగా భావించి తిప్పి పంపింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ ముప్పై అన్నాం. ఆ నెలకు ముప్పై ఒకటి ఉంటే అదే చెప్పేవాళ్ళం.

దాంతో ప్రాంతీయ సౌహార్ద అధికారి చక్రధరంగారు స్వయంగా జీపులో దిగారు. ఇస్త్రీ నలగని మనిషి. షెడ్డు పొడవు వెడల్పులు కొలిపించి, మా నలుగురి మధ్య దూరం కొలిపించి, కుర్చీలో కూర్చున్నారు.

“తమరి మధ్య నెలకొనియున్న సౌహార్దమునకు మూలకారణం ఏమిటో నిస్సంకోచంగా తెలియజేయండి,” అన్నారు.

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఇలాంటి ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.

“పొగాకండీ,” అన్నారు పరబ్రహ్మంగారు.

చక్రధరంగారు రాసుకున్నారు. “పదార్థం: పొగాకు. ఉపకరణం?”

“పైపు.”

“ఉపకరణం: పైపు. మాట్లాడుకునే అంశాలు?”

“ఏముంటయ్యండీ,” అన్నాడు మస్తాను. “నిన్న మాట్టాడుకుందే.”

“అంశాలు: పునశ్చరణ.” ఆయన కలం మూసి ఆనందంగా తలెత్తారు. “అద్భుతం. ఈ నమూనాను రాష్ట్రవ్యాప్తం చేయదలిచాం. మండలానికొక పైపు సౌహార్ద కేంద్రం. తమ షెడ్డు మాతృ కేంద్రం. ఇక్కడ సంతకాలు పెట్టండి.”

“వద్దులెండి బాబూ, మా మానాన మమ్మల్ని వదిలేయండి,” అన్నాను.

“వదిలేయవచ్చు. అయితే ఈ షెడ్డు మార్కెట్ యార్డు ఆస్తి. కేంద్రంగా నమోదు కాని పక్షంలో తమరిది అనధికార ఆక్రమణ అవుతుంది. ఖాళీ చేయించాల్సి వస్తుంది. తమరి మంచి కోసమే చెబుతున్నాను.”

మస్తాను గోడమీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. ఆ గోడ ఆయన ఇంటిదాకా పోతుంది. వేరే చోటికి మేం ముగ్గురం పోగలం, ఆయన పోలేడు. సంతకాలు పెట్టాం. మస్తాను వేలిముద్ర వేశాడు.

పదిహేను రోజుల్లో మొదటి ఉత్తర్వు వచ్చింది. దాన్ని జోజి మాస్టారు గట్టిగా చదివారు. ‘పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, సదరు షెడ్డు ప్రభుత్వ కేంద్రముగా నమోదైనందున బహిరంగ స్థలముల కిందకు వచ్చును. బహిరంగ స్థలములలో ధూమపానము నిషిద్ధము. కావున కేంద్రము నందు ప్రారంభోత్సవ జ్యోతి మినహా మరి ఏ విధమైన నిప్పును ఉంచరాదు. సభ్యులు పైపులను యథావిధిగా వినియోగించుకొనవచ్చును.’

ఆ ‘యథావిధిగా’ దగ్గర మాస్టారు ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. అది అలాగే ఉంది.

నేను బస్సెక్కి చక్రధరంగారి ఆఫీసుకు వెళ్ళాను. “అయ్యా, మీరు మెచ్చుకుంది పైపు తాగడాన్ని కదా, నిప్పు లేకుండా ఎట్టా తాగేది?”

“చూడండి చెంచయ్యగారూ, తమరు భావోద్వేగానికి లోనవుతున్నారు,” అన్నారాయన చాలా మర్యాదగా. “ఆరోగ్య శాఖ వారు పొగను వ్యతిరేకిస్తారు. మేము సౌహార్దాన్ని ప్రోత్సహిస్తాము. ఈ రెంటినీ సమన్వయపరచడానికి నిపుణుల సంఘం వేశాం. సౌహార్దం పైపులో ఉన్నది గానీ పొగలో లేదని వారు తేల్చారు.”

“ఆ నిపుణుల్లో పైపు తాగేవాళ్ళెవరన్నా ఉన్నారా?”

“నిష్పాక్షికత దృష్ట్యా లేకుండా చూశాము.”

మర్నాటినుంచి ఉత్త పైపుల సౌహార్దం మొదలైంది. గుమ్మంలో ఒక ఉద్యోగి కూర్చుని అగ్గిపెట్టెలు తీసుకుని, వేలిముద్ర వేయించుకుని లోపలికి పంపేవాడు. లోపల నలభై అయిదు నిమిషాలు ఉత్త పైపు నోట్లో పెట్టుకుని కూర్చోవాలి. నలభై అయిదు దాటితే అది అతిసౌహార్దం కిందకు వస్తుందట. దానికి వేరే అనుమతి కావాలి.

ఆ మొదటి సాయంత్రం మేం ముగ్గురం ముందే వెళ్ళి కూర్చున్నాం. మస్తాను గోడ పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. పైపు మెడ పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

“ఎవరన్నా ఉన్నారా?” అని అడిగాడు.

ఆరేళ్ళుగా రానివ్వని మాట. “నేను, చెంచయ్యని. మాస్టారూ గార్డుగారూ ఉన్నారు భాయ్,” అన్నాను.

“అట్టాగా,” అని వచ్చి కూర్చున్నాడు. ఉత్త పైపు నోట్లో పెట్టుకున్నాడు. నలభై అయిదు నిమిషాలయ్యాక లేస్తూ, “పేర్లు చెప్పి పిలిస్తే హాజరు పట్టీ మాదిరుంది చెంచయ్యా. నేనే అడుక్కున్నట్టుంది,” అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తెల్లారి కూర్చుని సంస్థకు అర్జీ రాశాను: మాలో ఒకరికి చూపు లేదు, మమ్మల్ని పొగ వాసనతో పోల్చుకుంటాడు, షెడ్డులో గాలి ధారాళంగా ఆడుతుంది గనక ఆయన వచ్చేటప్పుడు ఒక్కసారి వెలిగించి ఆర్పేసేందుకు అనుమతించండి అని. నా చేతిరాత బాగుండదని మాస్టారు దాన్ని మళ్ళీ అందంగా రాసి ఇచ్చారు.

సంస్థ స్పందన గురించి నేను అబద్ధం చెప్పను. చాలా చురుగ్గా స్పందించారు. వారంలో మా ముగ్గురికీ మెడలో వేసుకునే కార్డులు వచ్చాయి. మస్తాను సౌకర్యార్థం వాటిమీద పేర్లు పెద్ద అక్షరాలతో వేయించారు. చూపు లేనివాడికి పెద్ద అక్షరాలెందుకని అడిగితే, ఇంకా పెద్దవి పంపారు. పరబ్రహ్మంగారి కార్డు ఆయన పొట్టదాకా వచ్చేది.

రెండో అర్జీకి, వాసనే ముఖ్యమన్న మా వాదనను సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నట్టు జవాబొచ్చింది. నిప్పు అక్కర్లేకుండా సువాసన ఇచ్చే ప్రామాణిక మిశ్రమాన్ని తయారు చేయిస్తున్నామన్నారు. రెండు నెలలు పట్టింది. పొట్లాలు వచ్చాయి. విప్పి చూశాను. ముప్పై ఏళ్ళు ఆకు నలిపిన వేళ్ళు నావి. అందులో ఆకు లేదని చూడకుండానే చెప్పగలను. ఎండిన తులసి, వేపపువ్వు, చెరుకు పిప్పి, పైన గులాబీ అత్తరు. పొట్లంమీద ‘వెలిగించరాదు, నమలరాదు, పీల్చునపుడు జాగ్రత్త’ అని ఉంది.

అది పైపులో కూరుకుని కూర్చున్నాం. మస్తాను గుమ్మంలో ఆగి ముక్కెగబీల్చాడు. తుమ్మాడు. “ఎవరిదన్నా పెళ్ళా?” అన్నాడు.

మళ్ళీ బస్సెక్కాను. “అయ్యా, వాసన ఇచ్చారు, సంతోషం. అందరికీ ఒకటే ఇచ్చారు. ఎవరు ఎవరో ఆయనకెట్టా తెలుస్తది?”

చక్రధరంగారు నా వైపు జాలిగా చూశారు. “ఒక సభ్యుడికి బత్తాయి, మరొకరికి బెల్లం అనేది వివక్ష కాదా? సంస్థ దృష్టిలో సభ్యులందరూ సమానులే. సమానత్వం లేనిచోట సౌహార్దం ఎలా వికసిస్తుంది? తమరి ముందు తరాల వారు చేసిన పొరపాటు అదే.”

మా ముందు తరాలవాళ్ళు చుట్టలు కాల్చారు గాని సమానత్వం గురించి ఏమైనా పొరపాటు చేసిందీ లేనిదీ నాకు తెలియదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఈలోగా పథకం రాష్ట్రమంతా పాకిపోయింది. మండలానికొక కేంద్రం తెరిచారు. ప్లాస్టిక్ పైపులు లారీల్లో దిగాయి. టీచర్లు, అంగన్‌వాడీ వర్కర్లు, పంచాయతీ కార్యదర్శులు సాయంత్రం అయిదింటికి ప్లాస్టిక్ పైపు నోట్లో పెట్టుకుని ఫోటో దిగి యాప్‌లో పెట్టాలి. పైపు కొన ఫోటోలో కనిపించకపోతే సౌహార్దం నమోదు కాదు. ఒకచోట పాలిచ్చే తల్లికి మినహాయింపు ఇవ్వమని అడిగితే, బిడ్డను రెండో సభ్యుడిగా చూపించుకోవచ్చని అనుమతిచ్చారు. ఇంకో మండలంలో ఇద్దరు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు కుర్చీకోసం పైపులతో కొట్టుకున్నారు. దాన్ని ‘సభ్యుల చురుకైన పరస్పర భాగస్వామ్యం’ అని నెలవారీ నివేదికలో చూపించారు. మా తోడల్లుడు పనిచేసే ఆఫీసులో పదేళ్ళుగా పలకరించుకోని ఇద్దరు గుమాస్తాలను పక్కపక్కన కూర్చోబెట్టి స్నేహం లక్ష్యం ఇచ్చారట. నెలాఖరుకు లక్ష్యం పూర్తయినట్టు ఇద్దరూ విడివిడిగా సంతకాలు పెట్టారు. ఒకరి కలం ఇంకొకరు తీసుకోలేదు.

పేపర్లో మా షెడ్డు బొమ్మ వేశారు. ‘పొగ లేని పైపు, పగ లేని సమాజం’ అన్నది కింద వాక్యం. అది ఎవరు రాశారో గాని ఆయనకు ప్రమోషన్ వచ్చిందని విన్నాను.

ఇక మాతృ కేంద్రానికి తగిన గౌరవం కల్పించాలని నిర్ణయించారు. షెడ్డు పాత గోడ తీసేసి నున్నటి పలకలు వేశారు, చుట్టూ ప్రహరీ కట్టారు. మస్తాను పట్టుకుని వచ్చే వీధి గోడను కూడా, కేంద్రం అందానికి అడ్డుగా ఉందని, కూలగొట్టి పూలకుండీలు పెట్టారు. మొదటిరోజు ఆయన ముప్పై ఒకటో అడుగు దగ్గర గోడకోసం చెయ్యి చాచి ముళ్ళ గులాబీని పట్టుకున్నాడు. మేం పరిగెత్తుకెళ్ళేసరికి కుండీ పక్కన కూర్చుని అరచెయ్యి ఒత్తుకుంటున్నాడు.

“ఇంటికి పోతా చెంచయ్యా. గోడ అడ్డం వచ్చిందంట వాళ్ళకి,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా వయసులో ఒళ్ళు మండితే ఏం చేస్తాం, ఇంకో అర్జీ రాస్తాం. దానికి జవాబుగా మస్తానును రోజూ ఇంటినుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి ఇంటికి తీసుకెళ్ళడానికి సంస్థ జీపు మంజూరైంది. ఎనభై నాలుగు అడుగులకు జీపు. డ్రైవరుకు అది రెండో గేరు వేసే దూరం కూడా కాదు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. సంస్థ చైర్మన్‌గారు విచ్చేశారు. చుట్టుపక్కల మండలాలనుంచి రెండు వందల మంది సభ్యులను బస్సుల్లో తెచ్చారు. ప్రతి నోట్లో ఒక ప్లాస్టిక్ పైపు. మమ్మల్ని మాత్రం అసలు పైపులు తెచ్చుకోమన్నారు. పాతకాలపు వస్తువులుగా బాగుంటాయట. నేను మా ఇంటి కుండలోని ఆకు ఒక చిటికెడు పైపులో కూరి, పైన ప్రామాణిక మిశ్రమం కప్పుకుని వెళ్ళాను. ఎందుకు కూరానో నాకు తెలియదు. అలవాటు అనుకోండి. తర్వాత తెలిసింది, మిగతా ఇద్దరూ అదే పని చేశారని. ముగ్గురం ఒకరికొకరం చెప్పుకోలేదు.

మస్తానును వేదిక మధ్యలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. చైర్మన్‌గారు నిలువెత్తు కుందిలో జ్యోతి వెలిగించారు. చక్రధరంగారు మైకు తీసుకుని, “ఇప్పుడు మనమందరం నలభై అయిదు నిమిషాల మౌన సౌహార్దాన్ని పాటిద్దాం. ఎవరూ మాట్లాడరాదు, కదలరాదు. ప్రపంచంలోనే ఇంతమంది ఒకేచోట ఒకేసారి ఇలా కలిసి ఉండటం ఇదే ప్రథమం,” అని, మైకును మస్తాను ముందు పెట్టి కూర్చున్నారు.

రెండు వందల మందీ గప్‌చుప్. గులాబీ అత్తరు వాసన తప్ప ఏమీ లేదు. మస్తాను కాసేపు అటూ ఇటూ తల తిప్పాడు. ముక్కు ఎగబీల్చాడు. శాలువా సర్దుకున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, వంద బేళ్ళు పాడిన ఆ గొంతు మైకులో మోగింది.

“ఇంకా ఎవరూ రాలేదా?”

ఎవరూ నవ్వలేదు. మౌన సౌహార్దం కదా. చక్రధరంగారు వేలు పెదవులమీద పెట్టుకుని సైగ చేశారు, చూపు లేని మనిషికి.

“చెంచయ్యా,” అన్నాడు మస్తాను. ఈసారి గొంతు తగ్గింది. “మాస్టారూ. గార్డుగారూ. ఎవురూ లేరా ఇక్కడ?”

నేను లేచాను. పైపులో పైనున్న తులసీ వేపపువ్వూ నేలమీద దులిపాను. అగ్గిపెట్టె గుమ్మంలోనే పోయింది. ఎదురుగా ఉత్తర్వు ప్రకారం అనుమతించిన నిప్పు ఒకటే ఉంది. నడిచి వెళ్ళి చైర్మన్‌గారి జ్యోతికి పైపు అంటించుకున్నాను.

ఎవరో “అయ్యయ్యో” అన్నారు. కుర్చీలు కదిలాయి. వెనక్కి తిరిగి చూస్తే జోజి మాస్టారు నా వెనక వరసలో నిలబడి ఉన్నారు. ఆయన వెనక పరబ్రహ్మంగారు, పొట్టమీది కార్డును పక్కకు తోసుకుంటూ.

మస్తాను మొహం విప్పారింది. “కూకో చెంచయ్యా. బెల్లం ఎక్కువైందియ్యాల,” అన్నాడు మైకులో. తర్వాత, “రండి మాస్టారూ.” తర్వాత లంకాకు అంటుకుంది. చైర్మన్‌గారు దగ్గుతో వంగిపోయారు. మస్తాను నవ్వుతూ, “గార్డుగారూ, బండి ఇరుసు కాలతా ఉన్నట్టుంది,” అన్నాడు.

“నువ్వు బిర్యానీ...” అని పరబ్రహ్మంగారు మొదలుపెట్టి, మస్తాను పైపు చల్లగా ఉందని గుర్తొచ్చి ఆగిపోయారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పొగ వల్ల అని తర్వాత చెప్పారు. ఆయన పొగకు ఆయన కళ్ళు నీళ్ళు పెట్టడం నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు.

అంతా కలిపి రెండు నిమిషాలు. తర్వాత మమ్మల్ని బయటికి నడిపించారు.

విచారణ సంఘం వేశారు. నివేదికలో ఇలా ఉంది: ‘సదరు ముగ్గురు సభ్యులు మౌన సౌహార్ద సమయమున ఒకరినొకరు గుర్తుపట్టి, పలకరించుకొని, సౌహార్ద వాతావరణమునకు తీవ్ర భంగము కలిగించినారు.’ మా ముగ్గురినీ సౌహార్దం నుంచి మూడేళ్ళు సస్పెండ్ చేశారు. కేంద్రం ప్రహరీ లోపలికి రాకూడదు. అక్కడి సభ్యుడెవరితోనూ స్నేహం నెరపకూడదు. మస్తాను విషయంలో మాత్రం సానుభూతితో వ్యవహరించారు. ఆయన వృద్ధుడు, అంధుడు, మాయమాటలకు లోనయ్యాడు గనక ఆయన్ని శాశ్వత గౌరవ సభ్యుడిగా నియమించారు. రోజూ హాజరు కావాలి. హాజరు తప్పితే ఆయన వికలాంగుల సర్టిఫికెట్టు కొనసాగించరు. అయిదింటికి జీపు వస్తుంది, ఎక్కిస్తారు, దింపుతారు, నలభై అయిదు నిమిషాలకు మళ్ళీ ఎక్కిస్తారు. జీపు అద్దాలు మూసే ఉంటాయి, దారిలో మా పొగ తగలదు.

కేంద్రం ఖాళీగా కనబడకూడదని మార్కెట్ యార్డు సిబ్బంది నలభై మందిని అక్కడికి డిప్యుటేషన్ మీద వేశారు. వాళ్ళు ప్లాస్టిక్ పైపులు నోట్లో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. మస్తాను మధ్యలో కుర్చీలో.

మా ఊరికి సాయంత్రమైతే సముద్రం మీదనుంచి పైరగాలి తిరుగుతుంది. అది ప్రహరీకి తూర్పుపక్కనుంచి షెడ్డులోకి కొడుతుంది. మేం ముగ్గురం ఇప్పుడు అయిదింటికి ఆ తూర్పు ప్రహరీ బయట, మురుక్కాలవ గట్టుమీద నిలబడతాం. అది పంచాయతీ స్థలం. సంస్థ పరిధిలోకి రాదని నేను మ్యాపు తీయించి చూశాను. మా మోకాళ్ళకు నిలబడటం కష్టమే. పరబ్రహ్మంగారు గూడ్సుబండిలో నిలబడ్డ మనిషి గనక ఓర్చుకుంటారు. మాస్టారు మాత్రం మడత కుర్చీ తెచ్చుకుంటారు. వెలిగిస్తాం. గోడ అవతలనుంచి గొంతు వినిపిస్తుంది: “రండి మాస్టారూ.” మేం బదులు పలకకూడదు. గట్టిగా ఒక గుక్క లాగి వదులుతాం. అదే బదులు.

కిందటి నెల చైర్మన్‌గారు తనిఖీకి వచ్చారు. మేం గోడ బయట ఉన్నాం, అంతా వినబడుతూనే ఉంది. మస్తాను ఎవరూ లేని వైపు తిరిగి పలకరిస్తూ ఉండటం చూసి ఆయన ముచ్చటపడ్డట్టున్నారు. చక్రధరంగారు వివరించారు: “సభ్యుడు సౌహార్దంలో ఎంత పరిణతి సాధించాడంటే సార్, ఇప్పుడు ఎదుట మనిషి ఉండాల్సిన అవసరం కూడా లేదు.”

“బాగు, బాగు. ఏమయ్యా పెద్దాయనా,” అన్నారు చైర్మన్‌గారు. “ఈ కేంద్రం వల్ల నీకు ఎంతమంది స్నేహితులు ఏర్పడ్డారు? ఉన్నదున్నట్టు చెప్పు.”

నలభై ప్లాస్టిక్ పైపులు ఆయన చుట్టూ ఉన్నాయి. గాలి మా వైపునుంచే వీస్తోంది. మస్తాను ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. ఆ చప్పుడు గోడ ఇవతలికి వినబడింది.

“ముగ్గురండీ,” అన్నాడు. “ముగ్గురూ గోడవతల నిలబడున్నారు.”

నా పైపు పళ్ళమధ్య బిగిసింది. తర్వాత కలం మూత తీసిన చప్పుడు, చక్రధరంగారి గొంతు.

“రాసుకోండి. కేంద్రంలో నలభై, అదనంగా ముగ్గురు. మొత్తం నలభై మూడు. లక్ష్యాన్ని మించాం సార్.”